పగులు లోపలి రంగు

గంట పడుతుంది అన్నాను దివ్యతో, నా మామూలు గొంతుతోనే, అంటే ఆటోనగర్‌లో ఈ వరుసలో ఉన్న ఆరు షాపులకూ వినపడే గొంతుతో. గంట కొట్టినా తెలియనిది గంట ఆగితే తెలుస్తుంది బిడ్డా అని ఒక విరుపు కూడా విరిచాను. విరిచిందీ నేనే, నవ్విందీ నేనే. ఆ అమ్మాయి నవ్వలేదు. ఇనప స్టూలు లాక్కుని బల్ల ముందు కూర్చుంది, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ, బల్ల మీదున్న వాళ్ల తాత కారు బ్లాకును చూస్తూ. బ్లాకంటే ఇంజనుకు మొండెం. నాలుగు పిస్టన్లు దాని కడుపులోనే ఆడతాయి, వాటి చుట్టూ ఇనుప గోడల నడుమ నీళ్లు తిరిగి వేడిని లాగేస్తుంటాయి. ఆ గోడకు పగులొస్తే నీళ్లు పోతాయి, నీళ్లు పోతే ఇంజను పోతుంది, ఇంజను పోతే... ఇంజను పోతే ఏం పోతుందో ఈ అమ్మాయికి తెలిసినంత నాకు తెలియదు. రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టాను దాన్ని, రేషన్‌లో కిరోసిన్ రావడం మానేసి ఎన్నాళ్లో అయింది, ఎప్పటిదో పాత డబ్బాలో దాచిపెట్టుకున్నది తీసి పోశాను. పొద్దున పొడిగుడ్డతో తుడిచి తుడిచి ఆరబెట్టాను. ఇప్పుడు పైన తెల్లగా చాక్‌పొడి చల్లాలి. ఇనుములో వెంట్రుకంత సందు ఉన్నా దాంట్లో దాక్కున్న కిరోసిన్ మెల్లగా బయటికొచ్చి ఆ తెలుపు మీద నల్లగా గీత గీస్తుంది. షాపులో చాక్‌పొడి అయిపోయింది. దివ్య లేచి వెళ్లి, బయట టార్పాలిన్ కింద ఇంజను బరువు లేక ముక్కు పైకెత్తుకుని ఉన్న కారు డాష్‌బోర్డు అరలోంచి సగం ఖాళీ అయిన చాక్‌పీసుల డబ్బా తెచ్చింది. వాళ్లమ్మ గ్రేస్ టీచరుది. ఒక్కొక్కటీ గచ్చు మీద పెట్టి గాజుసీసాతో దొర్లించి పొడి చేసింది. నేను చల్లాను. మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలు.

తెల్లగా ఉంది ఇప్పటికి. గోడ గడియారం కింద మా గురువు రాయమల్లు ఫోటో, ఆయన మీసాల మీద కూడా చాక్‌పొడే పడ్డట్టుంది, లేక బూజో. ఆయన నాకు పని నేర్పినప్పుడు ఇంత తతంగం లేదు. బ్లాకును గొలుసుతో దూలానికి వేలాడదీసి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ, అంతే. మంచి బ్లాకైతే గుడిగంటలాగ, చర్చి గంటలాగ, ఏ మతం వాడికి ఆ గంటలాగ మోగుతుంది, ఆ మోత గాలిలో కాసేపు నిలబడుతుంది. పగులుంటే డబ్బా కొట్టినట్టు డొక్కుగా అని ఊరుకుంటుంది. ఇనుము అబద్ధమాడదురా, చెవి ఉన్నోడికే చెబుతది అనేవాడు రాయమల్లు. నా పేరు సారంగపాణి, సారంగం అంటే విల్లు, మా నాయన రాజలింగు కాశిబుగ్గ మగ్గంలో కూర్చుని ఏ విల్లు ఊహించి పెట్టాడో గాని నా చేతిలోకి వచ్చింది స్పానరు, స్పానరుపాణి అని నన్ను నేనే పిలుచుకుంటాను. నాయనది నూలు బతుకు, నాది నూనె బతుకు. ఆయన పోగులు పెనవేశాడు, నేను సిలిండర్ల లోపల అరిగిన గోడలు చెక్కి బోరు కొడతాను, బోరు కొట్టేవాణ్ణే గాని ఎవరికీ బోరు కొట్టను అని బోర్డు మీద రాయించాను కూడా. సినిమా టికెట్లు బ్లాకులో అమ్మినవాళ్లు మేడలు కట్టారు, బ్లాకులు బాగుచేసినవాణ్ణి రేకుల షెడ్డు దాటలేదు. ఇట్లాంటివి నా దగ్గర బస్తాడున్నాయి. పగలంతా పగుళ్లతోనే కాపురం అంటాను, ఇనుముకు కుట్లు వేస్తాను గాని కుట్రలు వేయను అంటాను. అంటుంటాను. మాట్లాడుతూ ఉన్నంతసేపూ ఒక సుఖముంది, అది ఎవరికీ చెప్పలేదు. మనం మాట్లాడుతుంటే వినాల్సిన పని ఉండదు.

మూడేళ్లయింది. ముందు కుక్కర్ విజిల్ పోయింది, తర్వాత ఫోను, తర్వాత వానచప్పుడు. బోరింగ్ మిషను పక్కన ముప్పై ఏళ్లు నిలబడితే చెవులు సెలవు పెట్టకుండా ఎట్లా ఉంటాయి. పెద్ద శబ్దాలు వస్తాయి, వచ్చినా ఉన్నితో చుట్టి ఇచ్చినట్టు వస్తాయి. మనుషుల మాట మాత్రం పెదవుల మీద చదువుతాను, కుదరనప్పుడు ఒక జోకు పడేస్తాను, వాళ్లు నవ్వుతారు, అడిగింది మరిచిపోతారు. ఇంట్లో శ్యామలమ్మకు తెలుసు, టీవీ అంత గట్టిగా పెట్టుకునేవాడికి ఏమైందో భార్యకు తెలియకుండా ఉంటుందా, జర డాక్టరుకు చూపించుకో అంటుంది, ఏమన్నావు అంటాను, అది నవ్వాలో ఏడవాలో తెలియక వంటింట్లోకి పోతుంది. చెవుడొచ్చిన బోరింగ్ మేస్త్రీ అంటే ఇక షాపు షట్టరు దించుకోవడమే. అందుకని గట్టిగా మాట్లాడాను, ఇంకా గట్టిగా మాట్లాడాను. సారంగం అన్న మస్తు హుషారు మనిషి అన్నారు అందరూ.

"ఎంతైంది పెద్దబాపూ?" దివ్య నావైపు తిరిగి అడిగింది. చిన్నప్పుడు నేనే నేర్పాను ఆ పిలుపు, వాళ్ల నాన్న జోయెల్ నన్ను అన్నా అంటాడు కాబట్టి.

"పన్నెండు నిమిషాలు బిడ్డా. గప్పుడే రాదు."

మళ్లీ బ్లాకు వైపు తిరిగింది. తల్లి మెడే, అట్లాగే కొంచెం ఎడమకు వంచుతుంది. ఈ కారు దివ్య తాత సాల్మన్ అయ్యగారిది, అరవై ఏళ్ల కిందటి మొదటి రకం అంబాసిడర్, ఆయన దాంట్లో బైబిళ్లూ కంజీరా డోలకూ వేసుకుని ములుగు దాకా, అవతల అడవి పల్లెల దాకా వాక్యం చెప్పడానికి తిరిగేవాడు. ఆయన పోయాక కూతురు గ్రేస్‌కు వచ్చింది. గ్రేస్ బడి టీచరు, జోయెల్ డోర్నకల్ జంక్షన్‌లో రైల్వే ఉద్యోగి, వారంలో సగం అక్కడే ఉంటాడు. కారును ఇంట్లో మనిషిలాగా చూశారు, ఆదివారం చర్చికి, పెళ్లిళ్లకు, చావులకు. ఫిబ్రవరిలో పొగ ఎక్కువొస్తోందని ఇంజను దించి నాకిచ్చారు. ఈ బల్ల మీదే, ఈ బ్లాకే. సిలిండర్లు బోరు చేశాను, గొలుసుకు వేలాడదీశాను, సుత్తి తీసుకుని కొట్టాను. గ్రేస్ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను కొట్టిన దెబ్బ నా మణికట్టులో తెలిసింది, మోచేతిలో తెలిసింది. చెవిలో తెలియలేదు. ఇంకోసారి కొట్టాను. గ్రేస్ పెదవులు కదిలాయి, మంచిగున్నదా అన్నా అని. ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో కిరోసిన్ డబ్బా అరలోనే ఉంది, చాక్‌పొడి అప్పుడు డబ్బానిండా ఉంది, ఒక పూట నానబెట్టి ఒక గంట ఆగితే పోయేది. కానీ అట్లా నానబెడితే, పక్క షాపు వాళ్లు అడుగుతారు, ఎందుకు సారంగం, సుత్తితో తేల్చేవాడివి గదా, ఇప్పుడేమైంది అని. గంట కొట్టినట్టున్నది చెల్లే, మీ చర్చిల కట్టుకున్నా పనికొస్తది అన్నాను. గ్రేస్ నవ్వింది. నేను ఆ సాయంత్రమే రంగేశాను.

రంగు సంగతి చెప్పాలి. నా చేతిలో పాసైన ప్రతి బ్లాకుకూ నేను నా రంగు వేస్తాను, నెమలికంఠం. నీలమూ పచ్చా కలిపి, మా నాయన మగ్గం మీద చీరకు వేసే ఆ రంగు. వరంగల్‌లోనే కాదు, ఖమ్మంలో బానెట్ ఎత్తి నెమలికంఠం చూసినా ఇది సారంగం చేతిపని అంటారు. నా పేరులోనే రంగుంది గదా అని దానికీ ఒక విరుపు. బాగా పలచగా థిన్నర్ కలిపి కొడతాను, మూలమూలకూ పాకాలని. పాకుతుంది. ఎక్కడ సందుంటే అక్కడికి పాకుతుంది. ఇప్పుడు ఈ తెల్ల పొడి మీద గీత వస్తుందనడంలో నాకు సందేహం లేదు, బ్లాకు పగిలిందని మే నెలలోనే అందరికీ తెలుసు, చెమ్మ పాకిన చోటు చూస్తే పిల్లాడైనా చెబుతాడు. ఈ గంట గీత కోసం కాదు. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలిస్తే అక్కడ డ్రిల్లు పెట్టి పగులు ఇంకా పాకకుండా రంధ్రం వేయాలి. రంధ్రం వేస్తే పగులు లోపలి అంచు కనపడుతుంది. ఆ లోపల వట్టి ఇనుముంటే, పగులు నా రంగు తర్వాత వచ్చిందన్నమాట, అంటే దివ్య వల్ల. లోపల నెమలికంఠం ఉంటే, నేను రంగు వేసేటప్పటికే అది ఉందన్నమాట. అంటే నా వల్ల. ప్రపంచంలో ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎదురుగా కూర్చున్న ఈ అమ్మాయికి కూడా తెలియదు.

మే నెల ఎండ. గ్రేస్ దివ్యను తీసుకుని పాలంపేట దగ్గర చుట్టాలింట్లో ప్రార్థన కూడికకు పోయింది. దివ్యే నడిపింది, నర్సింగ్ రెండో ఏడు, సెలవులకు వచ్చింది. తిరుగుదారిలో గ్రేస్‌కు ఎదలో మంట. గ్యాసు అంది, నిమ్మసోడా తాగితే పోతది అంది, మనవాళ్లందరూ అనేదే. ములుగు దాటాక దివ్య స్పీడు పెంచింది. మల్లంపల్లి దాటాక బానెట్ కిందినుంచి ఆవిరి. ఆపింది. బానెట్ ఎత్తింది. రేడియేటర్‌లో చుక్క నీళ్లు లేవు. పొద్దున నింపాను, నిండుగా నింపాను అని ఆ అమ్మాయి ఎందరితోనో చెప్పింది తర్వాత, ఎవరూ నమ్మలేదు, నేనూ నమ్మనట్టే ముఖం పెట్టాను. పక్క పొలంలో బోరు పోస్తోంది. బోరు నీళ్లంటే భూమి కడుపులోంచి వచ్చే చన్నీళ్లు, మే నెలలో కూడా పళ్లు జిల్లుమంటాయి. క్యానుతో తెచ్చి మండుతున్న ఇంజనులో పోసింది. అట్లా పోయొద్దని ఎవరు చెప్పారు ఆ పిల్లకు, కారు నేర్పించినవాళ్లు గేర్లు నేర్పిస్తారు, క్లచ్ నేర్పిస్తారు, బ్లాకు చల్లారేదాకా ఆగమని ఎవరు నేర్పిస్తారు. ఇంజను మళ్లీ లేవలేదు. సల్లబడనీ, ఫికర్ జేయకు, నాకేం కాలే అని గ్రేస్ వెనక సీట్లో పడుకుంది. ఒక గంట. రోడ్డు మీద ఆ గంటసేపు దివ్య చున్నీతో రేడియేటర్‌కు విసిరింది, తల్లికి విసిరింది. ఆ తర్వాత గ్రేస్ చెమటలు చూసి రోడ్డుకు అడ్డం నిలబడి ఒక కూరగాయల ఆటో ఆపింది. దవాఖానకు చేరేసరికి టమాటల బుట్టల మధ్య గ్రేస్ కళ్లు తెరిచే ఉన్నాయట. ఒక గంట ముందు తెస్తే చూసేవాళ్లం, గుండెలో బ్లాకు ఉంది అన్నాడట డాక్టరు.

ఆ మాట జోయెల్ నాకు చెప్పినప్పుడు, డోర్నకల్ నుంచి ఏ రైలు దొరికితే ఆ రైలెక్కి వచ్చి దవాఖాన మెట్ల మీద కూర్చుని చెప్పినప్పుడు, నా నాలుక కొసకు ఏమొచ్చిందో చెబితే మనిషన్నవాడు నన్ను గుమ్మం తొక్కనివ్వడు. బ్లాకు. ఒకే రోజు రెండు బ్లాకులు. వచ్చింది. దానంతట అదే వచ్చింది, ముప్పై ఏళ్ల అలవాటు, కుక్క వాసన పట్టినట్టు పట్టేసింది. పళ్లు కరిచిపెట్టి మింగాను. అది ఇంకా అరగలేదు. అప్పటినుంచి ఐదు నెలలుగా ప్రతి జోకుకూ ముందు అది గొంతులో అడ్డం పడి, దాన్ని దాటుకుని మిగతావి బయటికి వస్తున్నాయి.

మింగింది ఆ ఒక్కటే. మూడో రోజు గ్రేస్ కోసం పెట్టిన ఆదరణ కూడికలో మాత్రం మింగలేదు. జోయెల్ ఇంటి ముందు షామియానా, కుర్చీలు, టీ గ్లాసులు, సంఘ పెద్ద శాంసన్ నన్ను పిలిచి అడిగాడు, మూడు నెలల కిందనే కొత్తగ చేసిన ఇంజను గదా సారంగం, ఎట్ల పాడైంది అని. ఆయన పెదవులు స్పష్టంగా చదివాను. నలుగురూ నావైపు తిరిగారు. నేనేమన్నానంటే, నా గొంతుతో, షామియానా బయటికి కూడా వినపడేట్టు, "ఉడుకుతున్న బ్లాకుల బోరు సల్లనీళ్లు పోస్తె పలగక ఏంజేస్తది? ఇనుమైనా ఎంతకని ఓర్సుకుంటది." ఇనుము శాస్త్రం ప్రకారం అది నిజమే. అందుకే అంత బాగా అతికింది. దివ్య టీ ట్రే పట్టుకుని రెండడుగుల దూరంలో ఉంది. ట్రేను కుర్చీ మీద పెట్టి లోపలికి పోయింది, గ్లాసుల చప్పుడు నాకు వినపడలేదు. చూశాను మాత్రం. ఆ రోజునుంచి ఆ పిల్ల స్టీరింగు ముట్టలేదు, కాలేజీకి పోలేదు. జోయెల్ ఆమెను ఒక్కమాట అనలేదు, అనకపోవడం ఇంకా బరువు. మొన్న ఆయనే చెప్పాడు, ఒకే ఇంట్లో ఉండి ఇద్దరం రెండు పొద్దుల్లో తింటున్నమన్నా, దాని ముఖం జూస్తె నాకు ఆ బోరే యాదికొస్తది, నేను తండ్రినేనా అని.

నలభై నిమిషాలు. పొడి మీద ఇంకా ఏమీ లేదు, లేదా నా కంటికి లేదు. దివ్య వంగి చూస్తోంది, ఊపిరి పొడికి తగలకుండా చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని. వారం కిందట ఈ అమ్మాయి ఒక్కతే వచ్చింది షాపుకు, చెయ్యమని. ఎందుకు బిడ్డా పాతది అన్నాను, హైదరాబాదు పాతసామాన్ల బజారులో ఇదే రకం బ్లాకు నికార్సైనది చూసిపెట్టాను, మార్చేద్దాం, దీన్ని తూకానికి వేసేద్దాం, నంబరు తేడా వస్తే ఆర్టీవో దగ్గర ఎక్కిద్దాం అని గడగడా చెప్పాను. నేను చూసిపెట్టింది ఈ వారంలో కాదు, జూన్‌లోనే. గ్రేస్‌ను మట్టిచేసిన నెలలోపే. తూకానికి పోయిన ఇనుము కరిగిపోతుంది, కరిగిన ఇనుములో ఏ రంగూ ఉండదు. అంత దూరం ఆలోచించానని అప్పుడు నాకే తెలియదు, లేదా తెలియనట్టు ఉన్నాను. దివ్య వినలేదు. నేను పలగొట్టింది నేనే బాగుజేపిస్త, మార్చొద్దు అంది. తాత నంబరు గుద్ది ఉన్న బ్లాకే కావాలంది. సరే అని ఇంజను దించి, విప్పి, కాస్టిక్ నీళ్ల డ్రమ్ములో ఉడకేశాను, పాత రంగూ మురికీ పోవడానికి. అందరి బ్లాకులూ ఆరు గంటలు ఉడుకుతాయి. దీన్ని రెండు రోజులు ఉడికించాను. కట్టెలు అయిపోతే మళ్లీ తెప్పించి ఉడికించాను. పక్క షాపువాడు ఏంది సారంగం, మేకకాళ్ల పాయ చేస్తున్నవా అన్నాడు, నల్లి మెత్తబడాలె గదా అన్నాను, ఇద్దరమూ నవ్వాము. బయట రంగంతా ఊడింది. లోపలిది, ఉంటే, ఊడిందో లేదో.

ఇప్పుడు ఈ నిమిషంలో నేను ఏం కోరుకుంటున్నాను? నిజం చెప్పాలంటే వట్టి ఇనుము కోరుకుంటున్నాను. బూడిదరంగు, మెరిసే, ఏ మరకా లేని అంచు. అంటే ఏమిటి, ఇరవై ఏళ్ల పిల్ల తన తల్లిని తనే చంపుకున్నానని జన్మంతా నమ్మాలని కోరుకుంటున్నాను. ఇట్లా మాటల్లో పెట్టినా, లోపల మాత్రం ఆ కోరిక హాయిగా కూర్చునే ఉంది, టీ తాగుతున్నవాడిలా కాలు మీద కాలేసుకుని. మా నాయన మగ్గంలో పోగు తెగితే కళ్లు మూసుకుని కూడా పట్టుకునేవాడు, వేళ్ల కొసలకే కళ్లుండేవి, చివర్లో వేళ్లు మొద్దుబారినప్పుడు, చీర మధ్యలో ఉండగానే మగ్గం గుంటలోంచి లేచి, యజమాని దగ్గరికి పోయి, నా చేతికి ఇక తెలుస్తలేదు సేటు అని చెప్పి వచ్చాడు. నేనప్పుడు ఎగతాళి చేశాను, ఒక్క చీర అయినా పూర్తి చేయలేకపోయావా అని. ఆయన ఏమన్నాడో, అప్పుడు చెవులు బాగానే ఉన్నా, నేను వినలేదు.

దివ్య చెయ్యి లేచింది. వేలు చూపిస్తోంది. రెండో సిలిండరు పక్కన, నీళ్లు తిరిగే గోడ మీద, తెలుపులో ఏదో తడి. ముందు చీమంత. తర్వాత రెండు చీమలు. అవి కలిశాయి. గీత మెల్లగా కిందికి దిగుతోంది, ఎవరో చేత్తో రాస్తున్నట్టుంది, రాయడం రానివాడు రాస్తున్నట్టు వంకరగా. నాలుగంగుళాలు పాకి ఆగింది. ఫిబ్రవరిలో నేను సుత్తితో కొట్టింది ఆ చోటికి జానెడు దూరంలోనే. దివ్య నావైపు తిరిగి ఏదో అంది, చున్నీ ఇంకా నోటికి అడ్డం ఉంది, నాకు అందలేదు, అవును బిడ్డా అన్నాను, ఏ ప్రశ్నకైనా సగం సార్లు సరిపోయే జవాబు. రెండు కొసల్లో పంచ్‌తో చుక్కలు పెట్టాను. డ్రిల్లు ఎత్తాను. పోత ఇనుము చుట్టలు చుట్టలుగా రాదు, పొడిగా రాలుతుంది, బూడిదలాగ, అదీ ఆ తెల్లపొడీ కలిసిపోయాయి. పైకొసకు ముందు. రంధ్రం పడింది. ఊదాను. వాచీ మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకున్న కంటద్దం కంటికి పెట్టుకుని, టార్చి వేసి, వంగాను.

రంధ్రం గోడలో నిలువునా పగులు. పగులులో సగం దూరం వట్టిది, కాస్టిక్ తిన్నది. దాని కింద, ఉడికించిన నీళ్లు చేరలేని లోతులో, ఒక పోగు. సన్నటి, తెగని పోగు. నీలమా అంటే పచ్చ, పచ్చా అంటే నీలం.

ఎంతసేపు వంగి ఉన్నానో. నడుం నొప్పి పుట్టేదాకా. కంటద్దంలోంచి చూసినంతసేపూ ఆ పోగు తప్ప ఈ లోకంలో ఏదీ లేదు, లేచి నిలబడితే మళ్లీ లోకముంటుంది, దివ్య ఉంటుంది. డ్రిల్లు బిట్టు ఇంకో సైజు పెద్దది పెడితే ఆ పోగు కూడా పొడైపోతుంది. పది సెకన్ల పని. పెద్ద బిట్టు నా ఎడమచేతికి అందేంత దూరంలోనే ఉంది. దివ్య వచ్చి నా పక్కన నిలబడింది. పొడి కళ్లల్ల పడ్తది, జర దూరం జరుగు బిడ్డా అందాం అనుకున్నాను. అని, బిట్టు మారుద్దాం అనుకున్నాను. అదేమంత కష్టం కాదు, నాకు మాటలకు కొదవేంది. కానీ ఆమె నా భుజం తట్టి, తన ముఖం నా ముఖానికి ఎదురుగా పెట్టి, ఒక్కొక్క మాటా నింపాదిగా అంది, పెదవులు విడివిడిగా కదిలాయి, "మంచిగైతదా పెద్దబాపూ? నేను జేసింది?"

కంటద్దం తీసి ఆమె చేతిలో పెట్టాను. చూడు అన్నాను. చూసింది. ఏదో రంగు ఉన్నది అంది.

"అది నా రంగు. ఫిబ్రవరిల వేసింది. పగులు అప్పటికే ఉన్నది బిడ్డా, అందుకే రంగు లోపలికి పోయింది, కొన్నాళ్లు అదే దాన్ని మూసిపెట్టింది. నువ్వు పొద్దున నింపిన నీళ్లు దీంట్లకెల్లే కారిపోయినయ్. నువ్వు బోరు నీళ్లు పోసినా పోయకున్నా బండి ఆగేదే."

మళ్లీ అద్దం కంటికి నొక్కిపెట్టుకుని రంధ్రంలోకే చూసింది. తర్వాత అద్దం తీసింది. కంటి చుట్టూ గుండ్రంగా అచ్చు పడింది. "నువ్వు కొట్టి సూసినవు గదా. గంట లెక్క మోగింది అన్నవట గదా, మమ్మీ ఎన్నిసార్లు జెప్పి నవ్విందో."

"నాకు ఇనవడది దివ్యా. మూడేండ్ల సంది. ఆ రోజు ఏం మోగిందో నాకు ఎరుకలేదు. ఇప్పుడు గూడ నీ పెదవులు జూసి మాట్లాడుతున్న."

ఆమె పెదవులు మూసుకుంది. అది నన్ను శిక్షించడానికో, ఏడుపు ఆపుకోవడానికో. ఫోను తీసి ఎవరికో కలిపింది, స్పీకరు పెట్టి బల్ల మీద, చాక్‌పొడిలో పెట్టింది. డాడీ పేరు కనపడింది తెర మీద. మోగుతోందో ఎత్తాడో నాకు తెలియదు, ఆమె ముఖమే చూశాను. తల ఊపింది. ఎత్తాడు. మాట్లాడు అన్నట్టు గడ్డం ఎత్తి చూపింది.

"జోయెలూ, నేను సారంగాన్ని. బ్లాకుల పగులు నేను పాస్ చేసిన్నాడే ఉన్నది. నాకు చెవులు ఇనవడయి, ఆ సంగతి దాసిపెట్టి మంచిగున్నదని రంగేసిన. గ్రేస్ చెల్లె ఆ గంటసేపు రోడ్డు మీద పండుకున్నది నా వల్ల. పాప తప్పు లేదు. ఆదరణ కూడికల నేను అన్న మాట, నన్ను నేను కాపాడుకోనికి అన్న."

ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. గట్టిగానే అని ఉంటాను, రోడ్డు అవతల టైర్ల షాపు కట్టమ్మ లేచి నిలబడి చూసింది. ఇక్కడ ఒక విరుపు విరవడానికి చోటుంది, ఎప్పుడూ ఉంటుంది, నోరు దానంతటదే తెరుచుకోబోయింది, మూసుకున్నాను. దివ్య ఫోను తీసుకుంది, స్పీకరు తీసేసి చెవికి పెట్టుకుంది, నాకు వీపు తిప్పి గోడ వైపు తిరిగింది. మాట్లాడుతోంది. భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తోందో, అరుస్తోందో, ఐదు నెలల తర్వాత తండ్రితో మాట్లాడుతోందో. పెదవులు కనపడటం లేదు. నేను వెళ్లి కంప్రెసర్ ఆపాను. ఫ్యాను ఆపాను. గుమ్మంలోకి వచ్చి పక్క షాపు లేత్ వాడికి చెయ్యి ఊపి బంద్ చెయ్యమన్నాను, అవతల వెల్డింగ్ వాడికి కూడా, ఏమైంది అన్నా ఏమైంది అని అందరూ మిషన్లు ఆపి బయటికి వచ్చారు, వరుసంతా ఒక్కొక్కటే ఆగిపోయింది. మళ్లీ లోపలికి వచ్చి, బల్లకు ఇవతల, ఆమెకు మూడడుగుల దూరంలో నిలబడి, తల కొంచెం వంచి, కుడి చెవి ఆమె వైపు పెట్టాను.